అన్నం దాచుకున్న తమ్ముడు

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా, మూడో తరగతిలో చేరిన ఒక తమ్ముడు రోజూ రాత్రి ఇంత అన్నం ముద్ద చేసి, కాగితంలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకునేవాడు. రెండు రోజులకు గదంతా వాసన, చీమలు. వార్డెన్ గారికి చెప్పింది మేమే. దెబ్బలు పడ్డాయి. మర్నాడు మళ్లీ దాచాడు. 'దొంగ' అని పేరు పెట్టిందీ మేమే. ఆదివారం ఎవరి అమ్మానాన్నలు వచ్చినా పరుగెత్తి వెళ్లి వాళ్ల చెయ్యి పట్టుకునేవాడు. సొంత మేనమామ వస్తే మాత్రం తలుపు చాటు నుంచి కదిలేవాడు కాదు. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే కొరికేవాడు.

ఏడాదిన్నర వయసులో తల్లి పోయిందనీ, తండ్రి వలస పోతే నాలుగిళ్లలో పెరిగాడనీ, ఒక ఇంట్లో అన్నం అడిగితే వాత పెట్టారనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పసిబిడ్డ ఏడిస్తే ఎవరో వచ్చి ఎత్తుకుంటారు. ఇలా వందలసార్లు జరిగాకే మనుషుల మీద నమ్మకం కుదురుతుంది. ఎవరూ రాకపోతే, వచ్చినవాళ్లే కొడితే, ఆ బిడ్డ ఒళ్లు ఎప్పుడూ ప్రమాదానికి సిద్ధంగా ఉండటం నేర్చుకుంటుంది. బడికి వచ్చాక దాన్నే మనం పొగరు, మొండితనం అంటాం. తల్లి గానీ, తల్లి స్థానంలో నిలకడగా ఉండే ఒక మనిషి గానీ పసివాడికి తప్పనిసరి అని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చాడు.

రుమేనియా సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. 1989లో చౌషెస్కూ ప్రభుత్వం కూలినప్పుడు అక్కడి అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు బయటపడ్డారు. ఆయాలు షిఫ్టుల ప్రకారం మారిపోతుండేవారు. బిడ్డకు 'నా మనిషి' అంటూ ఎవరూ లేరు. ముక్కూమొహం తెలియని వాళ్లనైనా వాటేసుకునే పిల్లలు అక్కడ ఎందరో. మన తమ్ముడూ అంతే కదా! 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్లతో ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని కుటుంబాల్లో పెట్టారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు బాగా తేరుకున్నారు. ఆలస్యంగా వెళ్లినవాళ్లకూ ఎంతో కొంత మేలు జరిగింది.

అందుకని 'వాడి బతుకు అంతే' అనేవాళ్లతో మేము ఏకీభవించం. పేదింటి పిల్లలందరూ ఇలాగే ఉంటారనుకోవడమూ తప్పే. మాలో చాలామందిని నాయనమ్మలు, అమ్మమ్మలు ఒళ్లో పెట్టుకుని పెంచారు. 'మొక్కై వంగనిది' అంటూ బెత్తం తీసేవాళ్లకు మాత్రం ఒక్కటే చెబుతాం: ఆ మొక్క అప్పటికే విరిగి ఉంది.

తమ్ముడి విషయంలో దారి చూపింది వంట చేసే అక్క. ఒక డబ్బాలో పుట్నాలు పోసి ఇచ్చి, "ఇది నీదే. అయిపోతే నా దగ్గరికి రా" అంది. మొదట్లో వాడు రోజుకు మూడుసార్లు వెళ్లేవాడు. ఒక్కసారి కూడా ఆమె విసుక్కోలేదు. సంక్రాంతి సెలవుల నాటికి పెట్టెలో అన్నం కనబడలేదు.

మా సూచనలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కొత్తగా చేరే ప్రతి పిల్లవాడికీ ఏడాదంతా ఒకే సీనియర్ అన్న తోడుండాలి. పక్క తడిపిన పిల్లవాడి చేత అందరి ముందూ బొంత మోయించకూడదు. పూర్వ విద్యార్థులు ఫ్యాన్లు, పళ్లేలు ఇస్తున్నారు, సంతోషమే. ఎవరైనా ఒక పిల్లవాడికి 'మళ్లీ వస్తా' అని మాటిస్తే మాత్రం రావాలి. రాలేకపోతే ఆ మాట అనొద్దు.

ఈ సంచిక ఆ తమ్ముడికీ పంపుతున్నాం. మేము పదో తరగతి పూర్తి చేసి వెళ్లేదాకా వాణ్ణి 'దొంగ' అనే పిలిచాం. పుట్నాల డబ్బా చూశాక కూడా.