శాస్త్రవార్తలును మన వాదములును

శాస్త్రసంబంధమైన క్రొత్తవార్త యొకటి వెలువడినంతనే మనలో రెండు పక్షములేర్పడుట నేడొక వాడుకయై పోయినది. వార్తను పూర్తిగ చదువకమునుపే యొకరు జయజయధ్వానములు చేయుదురు. వేరొకరు అదియంతయు బూటకమని త్రోసివేయుదురు. పిదప ఇరువురును గంటలకొలది వాదింతురు. పఠనమందిరమున నేమి, కచేరి ముంగిట నేమి, కాఫీహోటలు బల్లలకడ నేమి, చేతిఫోనులలో నడచు సంభాషణలయం దేమి, ఎచ్చట చూచినను తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళను పట్టుదలయే గాని, కుందేటిని నేల విడిచి కాళ్ళు లెక్కింతమనువాడు కానరాడు. దీనిని చూచి నవ్వి యూరకుండుటకు మాకు మనసొప్పకున్నది. ఏలన, నేడు ప్రజలు నిర్ణయింపవలసిన విషయములలో శాస్త్రముతో సంబంధము లేనిది అరుదు. వాదము చెడిన నిర్ణయము చెడును. నిర్ణయము చెడిన నష్టపడువారము మనమే.

దృష్టాంతముగ 2023వ సంవత్సరమున జరిగిన యొక వృత్తాంతమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ యేడు జూలై 22వ తేదీన దక్షిణకొరియా రాజధానియగు సియోలు నగరపు పరిశోధకులు కొందరు, అచ్చుపడకమునుపే శాస్త్రవ్యాసములను లోకమునకు చూపు ఆర్కైవ్ అను భాండాగారమున తమ వ్యాసముల నుంచిరి. సీసము, రాగి, భాస్వరము, ఆమ్లజని కలిసిన యొక పదార్థమును తాము చేసితిమనియు, దానికి ఎల్‌కె-99 అని పేరిడితిమనియు, అది సామాన్యమైన గాలియొత్తిడియందు 127 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమివరకు అతివాహకముగ నుండుననియు ప్రకటించిరి.

అతివాహకమన నేమి? మన యింటి తీగలలో విద్యుత్తు పారునప్పుడు, తీగ కనబరచు నిరోధముచే కొంత శక్తి వేడియై వ్యర్థమగును. కొన్ని పదార్థములను మిక్కిలి చల్లబరచినచో ఆ నిరోధము బొత్తిగ నశించును. ఈ వింతను 1911లో హాలెండుదేశపు లైడెన్ నగరమున కామర్లింగ్ ఆన్నెస్ అను శాస్త్రజ్ఞుడు పాదరసమును సున్నకు దిగువ సుమారు 269 డిగ్రీలకు చల్లార్చి కనుగొనెను. 1986లో స్విట్జర్లాండునందు బెడ్నార్జ్, ముల్లర్ అను నిరువురు, అంత చలువ అక్కరలేని పింగాణివంటి పదార్థములను కనుగొని, మరుసటి యేడే నోబెల్ బహుమానమందిరి. ఐనను సామాన్యమైన వేడిమియందు, సామాన్యమైన యొత్తిడియందు పనిచేయు అతివాహకము నేటికిని లోకమునకు చిక్కలేదు. చిక్కినచో దూరపు తీగలలో వ్యర్థమగు విద్యుత్తు మిగులును. ఆసుపత్రులలోని ఎమ్మారై యంత్రములకు ద్రవహీలియముతో పని తగ్గును. కావున ఆ వార్త విని ఆశపడుట తప్పుగాదు.

ఆశపడిన తీరునందే తప్పున్నది. వార్త వచ్చిన పదిదినములలోపల మా పురమందలి పఠనమందిరమున జరిగిన గోష్ఠి మాకింకను కన్నులకు కట్టినట్లున్నది. ఒకరు విద్యుచ్ఛార్జీలు సగమునకు దిగునని లెక్కకట్టిరి. వేరొకరు ఆ కంపెనీల వాటాలు కొను మార్గమేదియని విచారించిరి. ఎదుటిపక్షమువారు కొరియావారి వ్యాసము నొక్క పుటయైన చూడకయే వారిని మోసగాండ్రనిరి. మేము సైతము లేచి, నూతనయుగము ప్రారంభమైనదని చిన్న యుపన్యాసము చేసితిమి, చప్పట్లును పడినవి. అంతట నొక మూలనుండి, ఉద్యోగము విరమించిన సైన్సు మాస్టరుగారొకరు మెల్లగ లేచి, “నిరోధము సున్నయైనదని వారెట్లు కొలిచినారండీ? వారు గాక వేరెవరైన కొలిచినారా?” అని యడిగిరి. ఆ రెండు ప్రశ్నలకును మాలో నొక్కరికిని సమాధానము లేకపోయెను. రెండుగంటలు వాదించితిమి గాని, వాదమునకు మూలమైన వ్యాసమును చదివినవార మొక్కరమును లేము. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత నాడు మాకు చక్కగ నతికినది.

ఇంతలో లోకమున నేమి జరుగుచుండెనో చూడుడు. కొరియావారు తమ పదార్థమును చేయు విధానమును దాచక వ్రాసిరి. సీసపు ఖనిజమువంటి దానిని, రాగిభాస్వర సమ్మేళనమును కలిపి, గాలితీసిన గొట్టమున బంధించి, 925 డిగ్రీలకు కాచుటయే దాని ముఖ్యభాగము. ఇది సులభమగుటచే పలుదేశములవారు కొలదిదినములలోనే చేసి చూచిరి. మన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందు అవానాగారును వారి సహచరులును దానిని తయారుచేసి, అది అయస్కాంతముపై తేలుటయు లేదు, అతివాహకమును గాదని తెలిపిరి. అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాలకు చెందిన సినేడ్ గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞురాలు గణనముచేత కొన్ని యనుకూల లక్షణములను చూపగా, అనేకులు దానినే ఋజువుగ నూరేగించిరి. కాని యా లెక్క, కలుగవచ్చునని సూచించినదే గాని, కలిగినదని చెప్పలేదు.

అయస్కాంతముపై ఒక అంచు తాకుచు, మరియొక అంచు లేచియున్న చిన్నముక్క చిత్రము దేశదేశముల తిరిగినది. అట్లు సగము లేచుటకు అతివాహకత్వ మక్కరలేదనియు, ఇనుమునకుండు వంటి అయస్కాంతగుణముచేతనే అది కలుగుననియు పెకింగు విశ్వవిద్యాలయమువారు చూపిరి. ఇక మిగిలినది, 104 డిగ్రీల సమీపమున నిరోధము చటుక్కున పడిపోవుట. ఇల్లినాయి విశ్వవిద్యాలయమందలి రసాయనశాస్త్రజ్ఞుడు ప్రశాంత్ జైన్ ఆ అంకెను చూచి గుర్తుపట్టెను. తయారీలో మాలిన్యముగ మిగులు కాపర్ సల్ఫైడు సరిగ ఆ వేడిమికడనే తన యంతర్నిర్మాణమును మార్చుకొనును. బీజింగు భౌతికశాస్త్ర సంస్థవారు ఆ మాలిన్యమును వేరుగ కొలిచి యామాటను స్థిరపరచిరి. తుదకు జర్మనీలో స్టుట్‌గార్టునందలి మాక్స్ ప్లాంక్ సంస్థవారు మాలిన్యములేని స్ఫటికములను పెంచి చూడగా, అవి ఊదావన్నె గలిగి, పారదర్శకములై, విద్యుత్తును పారనీయనివిగ తేలెను. ఆగస్టు నెల నడుమకే వ్యాజ్యము దాదాపు ముగిసినది. డిసెంబరులో కొరియాదేశపు అతివాహకశాస్త్రజ్ఞుల సంఘమే, తాను నియమించిన పరీక్షకమిటీ మూలమున, ఆధారము లేదని తేల్చినది. నడుమ ఆ దేశపు వాటాల బజారున అతివాహకముల పేరు చెప్పుకొను కంపెనీల ధరలు ఎగసి, మరల కూలినవి. ఎగసిన దినమున కొన్నవారి గతి వేరుగ చెప్పనక్కరలేదు.

మేము వృత్తిచే న్యాయవాదులము. న్యాయస్థానమున మాకు నేర్పిన మొదటి పాఠము, చెప్పినవాడే ఋజువు చేయవలెనని. 1872 నాటి సాక్ష్యచట్టము పోయి, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను ఈ సూత్రము మారలేదు. రెండవపాఠము, సామాన్యముగ విన్నమాట సాక్ష్యము గాదని. కన్నవాడు బోనెక్కి క్రాసు ప్రశ్నలకు నిలువవలెనని. ఈ రెండు పాఠములును దినము వాడుకొను మేము, పఠనమందిరపు గడప దాటగానే వానిని మరచితిమి. నమ్మినవారికెట్లో, వెక్కిరించినవారికిని ఈ సూత్రమే వర్తించును. మోసమని యన్నవాడు మోసమును ఋజువు చేయవలెను. పొరపాటు వేరు, మోసము వేరు. కొరియావారు తప్పు చెప్పిరని తేలినది. ఐనను తమ విధానమును బయటపెట్టుటచేతనే ఆ తప్పు మూడువారములలో తేలెనని మరువరాదు.

ఇక స్వదేశాభిమానము సంగతి. 2018 జూలైలో బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన యిరువురు, బంగారమున వెండి సూక్ష్మకణములను పొదిగిన పదార్థము సున్నకు దిగువ 37 డిగ్రీలకడనే అతివాహకమగుచున్నదని ప్రకటించిరి. మరుసటి నెలలో అమెరికాలోని బ్రయన్ స్కిన్నర్ అను పడుచు శాస్త్రజ్ఞుడు ఆ వ్యాసమందలి పటమును పట్టి చూచెను. వేరువేరు అయస్కాంతబలములకడ తీసిన రెండు కొలతలలో, కొలిచిన ప్రతిపర్యాయమును మారవలసిన చిన్నచిన్న యొడుదుడుకులు అచ్చుగ్రుద్దినట్లొకే తీరుగ నున్నవని యాతడు చూపి, కారణమడిగెను. విదేశీయుడు మనవారిని శంకించుటయా యని కోపించినవారిని మేమెరుగుదుము. ఆ కోపము తగదు. ఆతడడిగినది దేశమునుగూర్చి గాదు, పటమునుగూర్చి. వ్యాసకర్తలు 2019 మే నెలలో మరికొందరు సహచరులతో విపులమైన వ్యాసమును వెలువరించి, వాదమును కొలతలలోనికే తెచ్చుట శ్లాఘ్యము. ఆ ఫలితము లోకమంతయు నంగీకరించిన సత్యముగ నేటికిని నిలువలేదు. నిలిచిననాడు మనకంటె నానందించువారు లేరు. అంతవరకు ఓపిక పట్టుటయే నిజమైన యభిమానము.

పరీక్షకుని చూచి దేశాభిమాని భయపడనక్కరలేదనుటకు చరిత్రయందొక చక్కని నిదర్శనము గలదు. 1903లో ఫ్రాన్సుదేశపు నాన్సీ నగరమున బ్లాండ్లో అను పేరుపొందిన ఆచార్యుడు క్రొత్త కిరణములను కనుగొంటినని చాటి, తన నగరము పేరుమీద వానికి ఎన్-కిరణములని పేరిడెను. పలువురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు తమ కన్నులకును అవి కనబడినవని వ్రాసిరి. 1904లో అమెరికానుండి ఆర్.డబ్ల్యు.వుడ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అచ్చటికేగి, చీకటిగదిలో ప్రయోగము జరుగుచుండగా, యంత్రమునకు ముఖ్యమైన పట్టకమును ఎవరికిని తెలియకుండ తీసివేసెను. ఐనను కిరణములు మునుపటివలెనే కనబడుచున్నవని వారు చెప్పుచునే యుండిరి! దానితో ఆ కిరణముల కథ ముగిసెను. ఆ వుడ్డే 1928లో, కలకత్తాలో రామన్, కృష్ణన్ గారలు కనుగొన్న వెలుతురు వింతను తన ప్రయోగశాలయందు పరీక్షించి, అది సత్యమని లోకమునకు తెలిపెను. 1930లో రామన్‌గారికి నోబెల్ బహుమానము వచ్చెను. ఫ్రెంచివారి యసత్యమును పట్టినవాడే భారతీయుల సత్యమునకు సాక్షి యయ్యెను. నిజము నిలకడమీద తేలునన్న మన పెద్దల మాట కింతకంటె తార్కాణ మేమి కావలెను? ఆ కృష్ణన్‌గారే పిదప ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకు మొదటి డైరెక్టరైరి; 2023లో కొరియావారి పదార్థమును పరీక్షించినది ఆ ప్రయోగశాలయే.

ఇట్టి సందర్భములలో కొందరు పెద్దలు, శాస్త్రవిషయములను శాస్త్రజ్ఞులకే వదలి, తెలియనివారు నోరు మూసికొనుట మేలని హితవు చెప్పుదురు. ఇది మాకు సమ్మతము గాదు. నాన్సీలో మోసపోయినవారు పామరులు గారు, ఆచార్యులు. మా మందిరమున అడుగవలసిన ప్రశ్న నడిగినవారు నోబెల్ బహుమానితులు గారు, చిన్న బడిలో పాఠము చెప్పినవారు. ప్రశ్నించు నధికారము అందరికిని గలదు. తీర్పుచెప్పు నధికారము సాక్ష్యమునకే గలదు. ఈ రెంటిని కలిపివేయుటవలననే మన వాదములు జగడములుగ మారుచున్నవి.

కావున పఠనమందిరముల కార్యదర్శులకు మేమొక సూచన చేయుచున్నాము. శాస్త్రవార్తపై చర్చ మొదలిడునప్పుడు మూడు ప్రశ్నలను ముందుంచుడు. వారు దేనిని, ఎట్లు కొలిచిరి? వారు గాక వేరెవరు కొలిచిరి? ఏది కనబడినచో మన పక్షము తప్పని మనమొప్పుకొందుము? మూడవ ప్రశ్నకు సమాధానము చెప్పజాలనివాడు వాదమునకు గాదు, కలహమునకు వచ్చినాడని తెలిసికొనుడు. మరియు చర్చ జరిగిన నెలదినములకు అదే విషయమును మరల తీసి, నాడు చెప్పిన మాటలలో నెవరివి నిలిచినవో, ఎవరివి పోయినవో చదివి వినిపింపుడు. మేము మా యుపన్యాసము తప్పని ఆ మందిరమునందే, ఆ మాస్టరుగారి యెదుటనే యొప్పుకొంటిమి. అందువలన మా గౌరవమునకు లోపము వచ్చినట్లు మాకు తోచలేదు.

ఎల్‌కె-99 విషయమున మనము పొరబడినను, మన ముంగిట మార్పేమియు లేకపోయెను. అన్నివేళల నిట్లే జరుగునా? శ్రీకాకుళము సీమలో కొవ్వాడకడ పరమాణు విద్యుత్కేంద్రము నిర్మింపవలెనను ప్రతిపాదన చిరకాలముగ నున్నది. అట్టిదానికి ఊళ్ళు కదలవలెను, సముద్రముపై బ్రదుకువారు వేరు చోటు వెదకుకొనవలెను. కావలెననువారును, వద్దనువారును శాస్త్రము పేరే చెప్పుదురు. కర్మాగారముల మురికినీటి విషయము, టీకాల విషయము, క్రొత్త విత్తనముల విషయమును నిట్టివే. వానిని కూడ మనము జయధ్వానములతోను, వెక్కిరింతలతోను తేల్చుకొందుమా? చిన్న వాదమున అలవడని యోపిక పెద్ద వాదమున నొక్కసారిగ రాదు. శాస్త్రీయ దృక్పథమును, విచారణాభిలాషను పెంపొందించుకొనుట ప్రతిపౌరునకు విధియని మన రాజ్యాంగమే చెప్పుచున్నది. 1976లో 42వ సవరణమున చేర్చబడిన 51ఏ అధికరణమును చూడుడు. ఆ విధి పరీక్షాగదిలో విద్యార్థికి మాత్రమే గాదు, పఠనమందిరమున కూర్చున్న మనకును గలదు.

ఇందులకు తెలుగున సాధనము కావలెను. 1906లోనే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రగ్రంథములను తెలుగున నచ్చొత్తించిరి. నేడు వార్త క్షణములో తెలుగులోనికి వచ్చుచున్నది. దానికి మూలమైన కొలత రాకున్నది. ఫలితమేమనగా, ఘనవార్త పదిమందికి చేరును, అది తప్పని తేలిన వార్త ఒక్కనికిని చేరదు. పత్రికలు మొదటివార్త కెంత చోటిచ్చినవో, తుదివార్తకును అంత చోటీయవలెను. ఈ నియమము మాకును వర్తించును. చదువరులు దానిని అడిగి పుచ్చుకొనవలెను. ఇకమీదట నొక వింతవార్త వచ్చిననాడు, చప్పట్లకును వెక్కిరింతకును ముందు, ఆ మాస్టరుగారి రెండు ప్రశ్నలను మన ప్రతి మందిరమునందును ఒక్కరైన లేచి యడుగుదురుగాక యని మా కోరిక.