కుట్లు పడ్డ కడుపు, ఫైసలా ఎవరిది?

గౌలిగూడలో నిలబడి చుట్టూ చూడండి. ఒక పక్క అఫ్జల్‌గంజ్, ఉస్మానియా దవాఖానా. ఇంకో పక్క సుల్తాన్‌బజార్ సర్కారీ జచ్గీఖానా. ఆబిడ్స్ వైపు పోతే బొగ్గులకుంటలో ఫెర్నాండెజ్. నాంపల్లి దాటితే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్. మధ్యలో గల్లీగల్లీకి నర్సింగ్‌హోములు. ఇన్ని ఉన్నా, మొదటి కాన్పు ఆపరేషనైన మన బేటీ రెండోసారి కడుపుతో ఉంటే ఆమెకు మిగిలేది ఒకటే దారి. తారీఖు ఫిక్స్ చేసుకుని పోయి టేబుల్ మీద పడుకోవడం.

"పెహ్లా ఆపరేషన్, తో దూస్రా భీ ఆపరేషన్." మన ఇళ్లల్లో ఈ మాట షరియత్ హుకుంలా నడుస్తోంది. ఎక్కడి నుంచి వచ్చింది? 1916లో న్యూయార్క్ డాక్టర్ ఎడ్విన్ క్రాగిన్ రాసింది. ఆయన కాలంలో గర్భసంచిని పైభాగంలో నిలువుగా కోసేవాళ్లు. ఆ మచ్చ నొప్పులకు ఆగేది కాదు. పైగా ఆయన చెప్పింది హెచ్చరికగా: మొదటి కోతకే తొందరపడకండి, తర్వాత దాని బరువు మోయాలి అని. ఇప్పుడు కోత దాదాపు ఎప్పుడూ కిందిభాగంలో అడ్డంగా పడుతుంది. కత్తి జాగా మారింది, మాట మారలేదు. హెచ్చరిక కాస్తా బహానా అయింది.

మన రాష్ట్రం హాల్ చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5. మన ప్రైవేటు దవాఖానాల్లో 81.5, సర్కారీలో 44.5. తెలంగాణ ఆడవాళ్ల నడుములు మిగతా దేశంకన్నా ఇరుకా? ఇంతమందికి మొదటి కోత పడ్డచోట "ఒకసారి అయితే ఎప్పుడూ అంతే" అనే మాట ఎన్ని ఇళ్లను కట్టేస్తుందో హిసాబ్ వేసుకోండి.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015లో ఇచ్చిన సూచనలు ఇలా ఉన్నాయి. ఒక ఆపరేషన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి అవుతుంది. అంతకుముందు ఒక మామూలు కాన్పు ఉంటే 85 నుంచి 90. పాత కుట్టు విచ్చుకునే ఖతరా దాదాపు 200 మందిలో ఒకరికి. ఆ ఒక్కరు మన కూతురైతే చిన్న సంగతి కాదు. తల్లికీ బిడ్డకీ జాన్ మీదికి రావచ్చు. అందుకే ఇది ఇంట్లో దాయీతో చేసుకునే పని కానేకాదు. ఎప్పుడంటే అప్పుడు థియేటర్, మత్తు డాక్టర్, రక్తం దొరికే చోటే చెయ్యాలి. నిలువు కోత పడ్డవాళ్లకు, ఒకసారి కుట్టు విచ్చుకున్నవాళ్లకు, మాయ అడ్డం పడ్డవాళ్లకు ఇది వద్దు. నొప్పులకు మందులు పెడితే ఖతరా రెండు మూడింతలు అవుతుంది, అదీ అడగాలి.

అయితే మళ్లీ మళ్లీ ఆపరేషన్ "సేఫ్" అనడం సగం సచ్చాయే. మన ఖాందాన్లలో ముగ్గురు నలుగురు పిల్లలు కావాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు మిగతా సగం ఎవరు చెబుతున్నారు? 2006లో అచ్చైన అమెరికా పరిశోధనలో, మాయ అడ్డం పడ్డవాళ్లలో అది గర్భసంచి గోడలోకి పాతుకుపోవడం రెండో ఆపరేషన్‌కు నూటికి 11 మందిలో, మూడో ఆపరేషన్‌కు 40 మందిలో కనబడింది. అప్పుడు రక్తం ఆగదు, గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. రెండో కాన్పు ఫైసలా మూడో బిడ్డ ఫైసలా కూడా.

ఇక దర్ద్. ఇక్కడ డాక్టర్లను వదిలి మనవాళ్లతోనే నా లడాయి. ఆపరేషన్‌కు వెన్నులో సూది అంటే ఎవరూ నోరెత్తరు. అదే నొప్పులు తగ్గడానికి ఎపిడ్యూరల్ అంటే "మేమంతా కనలేదా, సబర్ చెయ్యి, సవాబ్ వస్తుంది" అంటారు. అత్తగార్లను అదబ్‌తోనే అడుగుతున్నా: నొప్పి ఓర్చుకుంటే సవాబ్, తగ్గించమంటే గునాహా? ఖురాన్‌లో బీబీ మర్యం (అలైహిస్సలాం) కిస్సా చదివినవాళ్లమే కదా. ఖర్జూరపు మొదలు దగ్గర ఆమె ఆ నొప్పికి చచ్చిపోయి ఉంటే బాగుండేదంది. అల్లాహ్ ఆమెను కోప్పడలేదు. దిగులుపడకు అన్న పిలుపు వినిపించాడు, కాళ్లకింద నీళ్లిచ్చాడు, తాజా ఖర్జూరాలిచ్చాడు. ఆ కిస్సా నుంచి మన ఆడవాళ్లకు తిట్లు మాత్రమే ఎలా మిగిలాయి?

నొప్పి తగ్గించడం మన మొహల్లాకు కొత్తా? 1888, 1889లో మహబూబ్ అలీ పాషా ఖర్చుతో క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిచింది హైదరాబాద్‌లోనే, అఫ్జల్‌గంజ్ దవాఖానా సర్జన్ ఎడ్వర్డ్ లారీ చేతిమీదుగా. (గుండెకు ప్రమాదం లేదని వాళ్లు తేల్చింది తర్వాత తప్పని తేలింది, అది వేరే కథ.) ఆ పనిలో చదువుకున్న పార్సీ ఆడబిడ్డ రూపాబాయి ఫర్దూంజీ ఇదే ఊరి దవాఖానాల్లో మత్తు డాక్టరైంది. ఆ రోజుల్లో ఆడమనిషి మత్తిచ్చిన ఊళ్లో, ఇవాళ ఆడమనిషి మత్తు అడగడానికి షర్మ్ పడాలి.

"కుట్లున్నవాళ్లకు ఎపిడ్యూరల్ ఇస్తే మచ్చ విచ్చుకున్నా తెలియదు" అని ఇంకో భయం. కుట్టు విచ్చుకుంటే ఎక్కువగా ముందు తెలిపేది తల్లి కేక కాదు, బిడ్డ గుండె చప్పుడులో తేడా. అందుకే ఆ చప్పుడును ఆపకుండా మెషీన్ మీద చూడాలి. ఎపిడ్యూరల్ ఇవ్వొచ్చని బ్రిటన్, అమెరికా సూచనలు రెండూ అంటాయి. మందు ఇచ్చినా మధ్యలో నొప్పి పొడుచుకొస్తే, మళ్లీ మళ్లీ మందు అడగాల్సి వస్తే, దాన్ని ఖతరా నిషానీగా తీసుకోవాలి. అందరికీ ఎపిడ్యూరలే అక్కర్లేదు. పీల్చే గ్యాస్ ఉంది, నడక ఉంది, గోరువెచ్చని నీళ్లున్నాయి, నడుం పట్టే మనిషి ఉంది. నచ్చిన మనిషిని తోడు ఉంచాలని, అడిగిన తల్లికి ఎపిడ్యూరల్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది.

మత్తు డాక్టర్ మర్ద్ అయితే? లేడీ డాక్టర్ కావాలని అడగడం మన హక్, ముందే అడగండి. ఆ టైంకు దొరక్కపోతే ఇలాజ్ జరూరత్‌కు ఇజాజత్ ఉందని ఏ మౌలానాని అడిగినా చెబుతారు. ఆపరేషన్ థియేటర్‌లో మర్ద్ ఉంటే గుర్తురాని పర్దా, నొప్పుల గదిలోనే గుర్తొస్తుందేం?

డాక్టర్‌ను ఎంచుకోవడమే అసలు ఫైసలా. మన దగ్గర డాక్టర్‌ను ఎంచేది ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, సాస్‌కు పరిచయం అని. ఐదో నెలకల్లా మొహం మీద అడగండి: పోయిన ఏడాది కుట్లున్నవాళ్లు ఎంతమంది ప్రయత్నించారు, ఎంతమందికి అయింది? రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ బిల్డింగ్‌లో ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? మిడ్‌వైఫ్ ఉందా? మిడ్‌వైఫ్ అంటే దాయీ కాదు, కాన్పు నేర్చుకున్న నర్సు. ఫెర్నాండెజ్ వాళ్లు 2011 నుంచి తాలీమ్ ఇస్తున్నారు, 2017లో సర్కార్, యూనిసెఫ్‌లతో కలిసి సర్కారీ నర్సులకూ షురూ చేశారు. జవాబుకు బదులు విసుగు వస్తే ఇంకో తలుపు తట్టండి. తొమ్మిదో నెలలో తట్టలేరు.

ఇక సంతకం. షౌహర్, సాస్ కారిడార్‌లో ఫైసలా చేసేసి కాగితం లోపలికి పంపే ఆదత్ ఉంది మనకు. 2008లో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో, ఆడమనిషి మత్తులో ఉండగా కన్నతల్లి ఇచ్చిన ఇజాజత్ కూడా చెల్లదంది. జాన్ మీదికి వచ్చిన ఎమర్జెన్సీ వేరు. మిగతా టైంలో కడుపు ఎవరిదో జవాబు వాళ్లది. అన్నీ విన్నాక ఆమె "నాకు ఆపరేషనే కావాలి" అంటే అదీ ఆమె హక్కే, దానికీ ఎవరూ తానా కొట్టొద్దు.

ఈ వారంలో ఒక పని చెయ్యండి. మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం అల్మారీలో వెతకండి. కోత అడ్డమా నిలువా అన్నది అందులో లేకపోతే ఆ దవాఖానాకు పోయి ఆపరేషన్ నోట్స్ కాపీ అడగండి. చర్మం మీది మచ్చ చూస్తే లోపలి కోత తెలియదు.