నోట్లో పిల్లల్ని మోసే చేప: లెక్క చూసుకున్నాకే దిగండి

పెరట్లో నాలుగు గాజు తొట్లు పెట్టి అలంకార చేపలు పెంచుదామనుకునే చిన్న రైతు సోదరులకు ఒక మాట. అడవి బెట్టా జత వేల రూపాయలు పలుకుతుందని ఎవరైనా ఆశ పెడితే వెంటనే డబ్బు చేతిలో పెట్టకండి. ఆ ధర ఎందుకో ముందు తెలుసుకోండి.

జిలేబీ చేపల్లో తల్లి గుడ్లను నోట్లో దాచుకోవడం మన చెరువుల కాడ చూసిందే. అడవి బెట్టాల్లో చాలా రకాలకు ఆ పని తండ్రిది. దుకాణాల్లో అమ్మే ఫైటర్‌కు ఇవి దాయాదులే గానీ తీరు వేరు. ఫైటర్ బుడగల గూడు కట్టి ఒక్క ఈతకే వందల పిల్లల్నిస్తుంది. బోర్నియో దీవి తూర్పున అడవి వాగుల్లో ఉండే బెట్టా ఛానోయిడెస్ లాంటి చిన్న రకమైతే పది, ఇరవై పిల్లలే ఇస్తుంది. మగచేప పది, పన్నెండు రోజులు మేత ముట్టకుండా గుడ్లు మోస్తుంది. తొట్టి కదిపితే బెదిరి మింగేస్తుంది కూడా. ఈత అయ్యాక దానికి మంచి మేత, కొన్ని వారాల విశ్రాంతి ఇవ్వాలి.

లెక్క వేయండి. పది జతలున్నాయి, ఒక్కోటి రెండు నెలలకోసారి పదిహేను పిల్లలిచ్చిందనుకుందాం. సగం బతికితే నెలకు ముప్పై ఏడు. అవి ఎదిగి అమ్ముడయ్యేదాకా నెలల తరబడి మేపాలి.

నీళ్లూ సమస్యే. ఈ రకానికి సున్నం లేని, కొంచెం ఆమ్ల గుణమున్న నీళ్లు కావాలి. చాలాచోట్ల మన బోరు నీళ్లు పనికిరావు. వాననీళ్లు పట్టి నిల్వ చేసుకోవాలి, ఎండిన బాదం ఆకులు వేయాలి. మన వేసవి వేడికి తొట్టి నీళ్లు కాగకుండా నీడ చూడాలి. మూత లేకపోతే చేప ఎగిరి బయటపడుతుంది.

'పిల్లల్ని మళ్లీ మేమే కొంటాం' అనే మాట నమ్మి 2012 ప్రాంతంలో ఈము పక్షులతో ఎందరో రైతులు మునిగారు. అదే మాట చేపల విషయంలో వినబడితే జాగ్రత్తపడండి. బిల్లు అడగండి. విదేశీ చేపైతే దిగుమతి అనుమతి కాగితాలు చూపించమనండి. అడవిలో పట్టినవి కాకుండా తొట్లలో పుట్టినవే కొనండి. అవి తొట్టి నీళ్లకు, మేతకు అలవాటుపడి ఉంటాయి.

మా సలహా ఒక్కటే. ముందు గప్పీ, మోలీలతో చేయి తిప్పుకోండి. ఊరికి దగ్గరి పట్నంలో కొనేవాళ్లు దొరికాక, రెండు జతల బెట్టాలతో మొదలుపెట్టండి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్ ఖర్చును 3 లక్షల రూపాయలుగా లెక్కగట్టి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు ఏ సాయం అందుతుందో మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. అప్పు చేసి మాత్రం దిగకండి. మిగిలిన చేపల్ని కాలవలో వదలకండి.