విధికుడి పేరు చెప్పని ఉపన్యాసం

ఒక విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ వారు అమరావతి శిల్పకళ మీద బహిరంగ ఉపన్యాసం పెట్టారు. "అందరూ ఆహ్వానితులే" అని కరపత్రంలో వేశారు. ఆ మాట నమ్మి మా బస్తీ అధ్యయన బృందం నుంచి ఆరుగురం వెళ్లాం. పనిరోజు, ఉదయం పదకొండు గంటలు. మాలో ఇద్దరు ఆ రోజు కూలి వదులుకుని వచ్చారు. గేటు దగ్గర ఐడీ కార్డులు అడిగారు. నేను లా చదివినవాణ్ణి కాబట్టి కరపత్రం చూపించి నాలుగు మాటలు మాట్లాడి లోపలికి తీసుకెళ్లగలిగాను. నేను లేకపోతే ఆ ఐదుగురూ అక్కడి నుంచే వెనక్కి వచ్చేవారు.

ఉపన్యాసం మొత్తం ఇంగ్లీషులో సాగింది. తెర మీద పూర్ణఘటం పలక బొమ్మ వచ్చింది. కుండ దేనికి సంకేతం, తామరపువ్వు దేనికి సంకేతం అని వక్త చాలాసేపు చెప్పారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజముద్రలో ఉన్నదీ అమరావతి శిల్పం నుంచి వచ్చిన పూర్ణఘటమేనని గర్వంగా గుర్తు చేశారు. సంతోషమే. కానీ మహాచైత్యానికి పూర్ణఘటపు పలకను దానమిచ్చి, ఆ సంగతి రాతిలో చెక్కించిన మనిషి ఎవరో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆయన పేరు విధికుడు. చర్మకారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఇచ్చిన దానమని శాసనం చెబుతోంది. ఇంకో సంగతి కూడా చెబుతోంది. ఈ చర్మకారుడి తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు.

ప్రశ్నల సమయంలో మా బృందంలోని డిగ్రీ చదివే అమ్మాయి లేచింది. ఆమె తాత చెప్పులు కుట్టి ఇల్లు నడిపినవాడు. "సార్, ఉపాధ్యాయుడి కొడుకు చర్మకారుడెలా అయ్యాడు? అప్పటికి వృత్తి పుట్టుకతో ముడిపడలేదా? లేక బౌద్ధంలోకి వచ్చినందువల్ల ఆ ముడి ఊడిందా?" అని తెలుగులో అడిగింది. ఇంగ్లీషులో అడగమన్నారు సభాధ్యక్షులు. ఆమె తడబడుతూనే ఇంగ్లీషులో అడిగింది. అది కళాచరిత్ర కిందికి రాదు, సామాజికశాస్త్రం కిందికి వస్తుందని జవాబు వచ్చింది. తర్వాత సమయం అయిపోయిందన్నారు. అందరికీ టీ ఇచ్చారు.

ఆ ప్రశ్న చరిత్రది కాకపోతే మరి చరిత్ర అంటే ఏమిటి? రాయి ఎన్ని అడుగులు, ఏ శతాబ్దం, ఏ శైలి అన్నవి తెలియాల్సిందే. కాదనను. కానీ రాయి మీద మనిషి పేరుంటే ఆ మనిషిని వదిలేసి కుండను మాత్రమే చూపించడం పాండిత్యం కాదు, తప్పించుకోవడం. బాబాసాహెబ్ ప్రాచీన భారతదేశంలో విప్లవం, ప్రతివిప్లవం గురించి రాస్తూ అసంపూర్తిగా వదిలిన గ్రంథం అడిగింది ఈ కోవ ప్రశ్నే. బౌద్ధం ఈ దేశ సమాజాన్ని ఎక్కడ మార్చింది, ఆ మార్పును ఎవరు వెనక్కి తిప్పారు? ఆయన వెళ్లిపోయిన చాలా ఏళ్లకు 1987లో అది అచ్చయింది. ఇన్నేళ్లు గడిచినా ఆ ప్రశ్న సెమినార్ హాల్లో టీ వేళకు అడ్డం వచ్చే ప్రశ్నగానే ఉంది.

"పరిశోధన భాష ఇంగ్లీషు, విషయం కఠినం, సామాన్యులకు అందదు" అని కొందరు ఆచార్యులు అంటారు. వారు చదివే శాసనాలే వారికి జవాబు. అమరావతి దాతల శాసనాలు ఎక్కువగా ఉన్నది ప్రాకృతంలో, అంటే జనం భాషకు దగ్గరగా ఉన్న భాషలో. దాతల్లో గృహస్థులున్నారు, వర్తకులున్నారు, భిక్షుణులున్నారు. రెండు వేల ఏళ్ల కింద జనం పేర్లు జనం భాషలో రాసుకున్న చోటు గురించి ఇవాళ ఆ జనం మనవలకు అర్థం కాని భాషలో మాట్లాడి, దాన్ని బహిరంగ ఉపన్యాసం అనడం ఏం న్యాయం?

అమరావతి ఇప్పటికే చాలా పోగొట్టుకుంది. 1797లో మెకంజీ చూసేనాటికే స్తూపం రాళ్లు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కొత్త పట్టణం కట్టడాలకు తరలుతున్నాయి. తర్వాత కొన్ని లండన్ వెళ్లాయి, కొన్ని మద్రాసు వెళ్లాయి. రాళ్లు పోయాయి, కనీసం కథైనా మిగలాలి. ఆ కథ కూడా హాలు తలుపు వెనకే ఉండిపోతే మనకు మిగిలేది టూరిజం బోర్డు మీది బుద్ధుడి బొమ్మే.

చట్టం మాట కూడా చెప్పుకుందాం. రాజ్యాంగం 51-ఏ అధికరణ మన సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం, శాస్త్రీయ దృక్పథాన్నీ జిజ్ఞాసనూ పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. ఈ విధుల్ని చూపించి నేరుగా కోర్టుకెళ్లలేమని నాకు తెలుసు. కానీ కాపాడమని పౌరుడికి చెప్పినప్పుడు, కాపాడాల్సింది ఏమిటో అతనికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ప్రజల డబ్బుతో నడిచే సంస్థకు లేదా? అడిగే హక్కు మాత్రం మనకుంది. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఏ ఉపన్యాసానికి ఎంత ఖర్చయింది, ఏ భాషలో జరిగింది అని ఒక కాగితం మీద అడగవచ్చు.

మనం కోరాల్సినవి పెద్దవేం కావు. ఏడాదికి కొన్ని ఉపన్యాసాలైనా ఆదివారం పూట, తెలుగులో పెట్టాలి. భట్టిప్రోలు, ఘంటసాల, ఫణిగిరి, నేలకొండపల్లి లాంటి చోట్ల, ఊరి బడిలోనే పెట్టాలి. బ్రాహ్మీ లిపి నేర్పే వర్క్‌షాపులో బయటి వాళ్లకూ కొన్ని సీట్లు ఉంచాలి. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల్లో పార పట్టిన కూలీల కుటుంబాలు, జలాశయం కోసం ఊళ్లు వదిలిన కుటుంబాలు చెప్పే మాటల్ని, చెప్పగలిగినవాళ్లు ఉండగానే రికార్డు చేయాలి. ప్రశ్నలకు సమయం ముందే కేటాయించాలి. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబివ్వాలి.

ఇక మన సంగతి. ఎదుటివాళ్లను అన్నంత సులువుగా మనల్ని మనం అనుకోం. వైశాఖ పూర్ణిమకు, ఏప్రిల్ 14కు మైకులు కట్టినంత ఉత్సాహంగా మనం పుస్తకం తెరుస్తున్నామా? మన సభల్లో కనిపించిన ప్రతి గుడీ ఒకప్పుడు ఆరామమే అనేస్తాం. కొన్ని చోట్ల ఆధారాలున్నాయి, కొన్ని చోట్ల లేవు. ఆధారం లేని మాటను చప్పట్ల కోసం అంటే, ఆధారం ఉన్న మాటను కూడా ఆచార్యులు సులువుగా కొట్టిపారేస్తారు. విధికుడి విషయంలోనూ అంతే. ఆనాటి చర్మకారుడి స్థానం ఈనాటి మన స్థానం ఒకటేనని శాసనం చెప్పడం లేదు. అది తేల్చాల్సిన ప్రశ్న. ఎవరో చెప్పారనో, గ్రంథంలో ఉందనో నమ్మవద్దని కాలాములకు చెప్పిన బుద్ధుణ్ణి శరణు వేడినవాళ్లం మనం. ఆ గీటురాయి ముందు మనకే వర్తిస్తుంది. అందుకే మనకు వర్క్‌షాపు కావాలి. రుజువు ఎలా చూడాలో నేర్చుకోవడానికి కావాలి.

ఆ అమ్మాయి ఆ రోజు తిరుగు బస్సులో ఏమీ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం క్లాసుకు బ్రాహ్మీ అక్షరాల పట్టిక తెచ్చి, విధికుడి పేరు ఎలా రాయాలో మిగతా పిల్లలకు చూపించింది. ఆమె ప్రశ్న ఇంకా అలాగే ఉంది. దాన్ని చరిత్ర శాఖకు తెలుగులో రాసి, మా బృందం సంతకాలతో పోస్టులో పంపుతున్నాం. మీ దగ్గరలో విశ్వవిద్యాలయం ఉంటే తర్వాతి ఉపన్యాసం ఎప్పుడో కనుక్కోండి. ముందు శాసనం చదువుకుని, పిల్లల్ని తీసుకుని వెళ్లండి. ఒక్క ప్రశ్న, తెలుగులో, జవాబు వచ్చేదాకా అడగండి.

జై భీమ్. నమో బుద్ధాయ.