అమెరికాకి మీ కుక్కని తీసుకెళ్తున్నారా? ఫ్లైట్ టికెట్ కంటే ముందు ఈ 58 రోజుల లెక్క చూసుకోండి

వీసా వచ్చేసింది. జాయినింగ్ డేట్ ఫిక్స్ అయింది. పిల్లల స్కూల్ టీసీలు కూడా తీసేసుకున్నారు. మరి ఇంట్లో ఉన్న టామీ సంగతేంటి? ఇక్కడే చాలామంది తెలుగు కుటుంబాలు ఇరుక్కుపోతున్నాయి. మనుషుల పేపర్లు రెండు వారాల్లో రెడీ అయినా, కుక్క పేపర్లకి రెండు నెలలు పడుతుంది. అదే లండన్ అయితే నాలుగు నెలలు. ఈ విషయం ప్రయాణానికి పది రోజుల ముందు తెలిస్తే చేసేదేమీ ఉండదు. కుక్కని ఎవరికో అప్పగించి వెళ్లాలి, లేదంటే టికెట్లు మార్చుకోవాలి.

అసలు అమెరికా రూల్ ఏంటి? ఇండియా నుంచి వెళ్లే కుక్కలకే ఇంత కష్టం ఎందుకు? ఎక్కడ పొరపాటు జరుగుతోంది? వివరంగా చూద్దాం.

2024 ఆగస్టు 1 నుంచి మారిన సీన్

అమెరికాలోకి వచ్చే కుక్కల విషయంలో రూల్స్ పెట్టేది అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాయి. ఏ దేశం నుంచి వచ్చినా సరే.. కుక్కకి కనీసం 6 నెలల వయసు ఉండాలి. ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. చూడటానికి ఆరోగ్యంగా కనిపించాలి. సీడీసీ డాగ్ ఇంపోర్ట్ ఫామ్ ఆన్‌లైన్‌లో నింపి, ఆ రసీదు చేతిలో ఉంచుకోవాలి.

ఇంతవరకు అందరికీ ఒకటే. అసలు చిక్కు తర్వాత ఉంది. కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాలతో సీడీసీ ఒక లిస్ట్ పెట్టింది. అందులో ఇండియా ఉంది. ప్రయాణానికి ముందు 6 నెలల్లో మీ కుక్క ఇండియాలో ఉంటే చాలు, అదనపు రూల్స్ వర్తిస్తాయి.

అంత కఠినం ఎందుకు?

కుక్కల్లో వ్యాపించే రేబిస్ రకాన్ని 2007 నాటికి అమెరికా తమ గడ్డ మీద లేకుండా చేసుకుంది. అది మళ్లీ బయటి నుంచి వస్తుందేమో అన్నదే వాళ్ల భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి షికాగోకి తెచ్చిన 33 కుక్కల్లో ఒకదానికి రేబిస్ బయటపడింది. దానికి తోడు నకిలీ టీకా సర్టిఫికెట్ల కేసులు పెరిగాయి. అదే ఏడాది జులై 14 నుంచి ఇండియా సహా వందకు పైగా దేశాల కుక్కలపై సీడీసీ తాత్కాలికంగా ఆంక్షలు పెట్టింది. ఇప్పుడున్న రూల్స్ ఆ తర్వాత వచ్చినవే.

మన వైపు చూస్తే.. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం ఇండియాలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని 2030 నాటికి అంతం చేయాలని కేంద్రం ప్లాన్ పెట్టుకుంది. అంటే సమస్య ఇంకా ఉందని మనమే ఒప్పుకున్నట్టు. వీధిలో రేబిస్ ఉన్నంతకాలం, సోఫా మీద పడుకునే మీ లాబ్రడార్ కూడా వాళ్ల దృష్టిలో రిస్కే. ఇదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు పాయింట్.

ఆర్డర్ తప్పితే మళ్లీ మొదటికే

ఇండియాలో టీకా వేయించిన కుక్కకి ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది చాలా ముఖ్యం.

ముందు మైక్రోచిప్. ఐఎస్ఓ ప్రమాణాలకి తగినది వేయించాలి. ఆ తర్వాత, లేదా అదే రోజు, రేబిస్ టీకా. అప్పటికి కుక్కకి కనీసం 12 వారాల వయసు ఉండాలి. చిప్ లేకముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. మన దగ్గర ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. ఏటా క్రమం తప్పకుండా టీకా వేయించి, కార్డు జాగ్రత్తగా దాచుకుంటారు. కానీ చిప్ ఉండదు. చిప్ వేయించాక మళ్లీ టీకా వేయించాల్సిందే.

తర్వాత రక్త పరీక్ష. మొదటి టీకా వేసిన 30 రోజులకి గానీ, ఆ తర్వాత గానీ రక్తం తీయాలి. దీన్నే రేబిస్ టైటర్ టెస్ట్ అంటారు. టీకా పనిచేసిందా లేదా అని చూసే పరీక్ష ఇది. ఒక మిల్లీలీటర్‌కి కనీసం 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు రావాలి. పక్కవీధి ల్యాబ్‌లో చేయిస్తే కుదరదు. సీడీసీ ఆమోదించిన ల్యాబ్ రిపోర్టే చెల్లుతుంది.

రక్తం తీసిన రోజు నుంచి అమెరికాలో దిగే రోజుకి కనీసం 28 రోజుల గ్యాప్ ఉండాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. జనవరి 1న చిప్, టీకా అయ్యాయి అనుకోండి. జనవరి 31న రక్తం తీస్తారు. ఫిబ్రవరి 28 కంటే ముందు అమెరికాలో దిగడానికి లేదు. అంటే మొత్తం 58 రోజులు. ఒక్క రోజు కూడా వృథా చేయకపోతేనే ఇది! రిపోర్ట్ లేటైతే ఇంకా పెరుగుతుంది.

టైటర్ టెస్ట్ లేకుండా వెళ్లలేమా అంటే.. వెళ్లొచ్చు. కానీ అమెరికాలో దిగాక కుక్క 28 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. ఖర్చంతా మీదే.

డాలస్‌లో ఉంటారు.. కుక్క మాత్రం అక్కడ దిగలేదు

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇది. ఇండియాలో టీకా వేసిన కుక్కలు అమెరికాలో ఏ ఎయిర్‌పోర్ట్‌లో పడితే అక్కడ దిగడానికి లేదు. సీడీసీ దగ్గర రిజిస్టర్ అయిన యానిమల్ కేర్ ఫెసిలిటీ ఉన్న చోటే దిగాలి. అట్లాంటా, లాస్ ఏంజిలిస్, మయామి, న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్.. ఈ ఆరే. డాలస్, హ్యూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో ఈ లిస్ట్‌లో లేవు. బుకింగ్‌కి ముందు సీడీసీ సైట్‌లో లిస్ట్ మరోసారి చూసుకోవడం మంచిది.

ఆ కేంద్రంలో ముందుగానే రిజర్వేషన్ చేసుకోవాలి. కుక్క దిగాక అక్కడి డాక్టర్లు పరీక్షిస్తారు, చిప్ నంబర్ సరిచూస్తారు, అమెరికా టీకా మళ్లీ ఒకటి వేస్తారు. అంతా ఓకే అయితేనే మీ చేతికి ఇస్తారు. ఆ తర్వాతే డాలస్ ఫ్లైట్ ఎక్కాలి. కాబట్టి కనెక్టింగ్ ఫ్లైట్‌కి రెండు గంటల గ్యాప్ పెట్టుకుంటే ఇబ్బందే.

కెనడాలో దిగి, కారులో బోర్డర్ దాటేద్దాం అని కొందరు ఐడియా వేస్తారు. కుదరదు. ఇండియాలో టీకా వేసిన కుక్క 6 నెలల లోపు రోడ్డు మార్గంలో అమెరికాలోకి రావడానికి వీల్లేదు.

సెలవులకి వచ్చే ఎన్నారైలూ జాగ్రత్త

అమెరికాలో పెంచుకుంటున్న కుక్కని వెంటబెట్టుకుని ఇండియా వస్తున్నారా? అక్కడ టీకా వేయించినట్టు ధ్రువీకరించే సీడీసీ ఫామ్, అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ ఆమోదంతో, బయల్దేరకముందే తీసుకోవాలి. అది ఉంటే తిరుగు ప్రయాణంలో ఈ ఆరు ఎయిర్‌పోర్టుల గోల లేదు, టైటర్ టెస్ట్ లేదు. మర్చిపోయి ఇక్కడికి వచ్చాక గుర్తొస్తే మాత్రం, పాత ఫామ్ ఇక్కడి నుంచి తీసుకోలేరు. మీ కుక్కని కూడా ఇండియా కుక్కగానే చూస్తారు. నెల రోజుల సెలవు మీద వచ్చినవాళ్లకి 58 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి?

మిగతా దేశాల సంగతి

బ్రిటన్, యూరప్ దేశాలు: చిప్, టీకా, 30 రోజుల తర్వాత టైటర్ టెస్ట్.. ఇక్కడిదాకా ఒకేలా ఉంటుంది. కానీ రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి. రేబిస్ వైరస్ శరీరంలోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే ఈ ఆగడం. జనవరి 1న మొదలుపెడితే ఏప్రిల్ నెలాఖరు దాటాలి. బ్రిటన్‌కి వెళ్లే కుక్కకి ప్రయాణానికి 1 నుంచి 5 రోజుల ముందు నులిపురుగుల మందు కూడా వేయించాలి. విమానంలో వెళ్తే కార్గోగానే దిగాలి, సీటు పక్కన పెట్టుకుని తీసుకెళ్లడం కుదరదు.

ఆస్ట్రేలియా: ఇండియా నుంచి నేరుగా పంపడానికి అనుమతి లేదు. ముందు వాళ్లు ఆమోదించిన మరో దేశానికి వెళ్లి, అక్కడ అన్నీ పూర్తి చేసుకుని, ఆ తర్వాత మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రానికి చేరాలి.

కెనడా: సొంత పెంపుడు కుక్కకి రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో అనుమతి ఉంది. అమ్మకానికి, దత్తత ఇవ్వడానికి తెచ్చే కుక్కల్ని మాత్రం ఇండియా లాంటి దేశాల నుంచి 2022 సెప్టెంబర్ 28 నుంచి ఆపేశారు.

పిల్లుల విషయంలో అమెరికా కాస్త మెత్తగానే ఉంది. రేబిస్ టీకా సర్టిఫికెట్ సీడీసీ అడగదు. అయితే ఎయిర్‌లైన్, మీరు వెళ్లే రాష్ట్రం అడగొచ్చు. హవాయి రూల్స్ పూర్తిగా వేరు.

ఇక్కడి నుంచి బయటపడాలంటే..

ఇండియా దాటాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేసే యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్ నుంచి హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో వాళ్ల కేంద్రాలున్నాయి. సీడీసీ ఫామ్‌ని మీ వెటర్నరీ డాక్టర్ నింపితే సరిపోదు. ప్రభుత్వ వెటర్నరీ అధికారి సంతకం, ముద్ర కూడా ఉండాలి.

ఎయిర్‌లైన్ రూల్స్ ఇంకో ఎత్తు. కుక్క లోపల నిలబడి, తిరిగి, పడుకోగలిగేంత పెట్టె ఉండాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్ని కార్గోలో తీసుకెళ్లడానికి చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు. వాటికి ఊపిరి ఇబ్బంది వస్తుందని.

ఏజెంట్‌ని ఈ మూడు అడగండి

రీలొకేషన్ ఏజెంట్‌కి డబ్బులు కట్టేముందు మూడు ప్రశ్నలు వేయండి. టైటర్ టెస్ట్ ఏ ల్యాబ్‌లో చేయిస్తారు? అమెరికాలో ఏ కేంద్రంలో రిజర్వేషన్ చేస్తారు? ప్రభుత్వ ఆమోదం ఎవరి దగ్గర తీసుకుంటారు? సూటిగా జవాబు రాకపోయినా, "వారంలో అన్నీ అయిపోతాయి సార్" అన్నా అనుమానించాల్సిందే. పేపర్లు తేడా వస్తే ఏజెంట్‌కి పోయేదేమీ లేదు. కుక్కని వెనక్కి పంపేస్తారు, ఆ ఖర్చు కూడా యజమానిదే. ఇరవై గంటలు పెట్టెలో ప్రయాణించి వచ్చిన మూగజీవం, మళ్లీ అదే పెట్టెలో తిరుగు ప్రయాణం చేయాలి.

రూల్స్ ఎక్కువే, కానీ అసాధ్యం ఏమీ కాదు. టైమ్ ఉంటే అన్నీ అయ్యే పనులే. విదేశాలకి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు వీసా కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఈ వారమే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లి చిప్ వేయించడం మంచిది. ప్రయాణం క్యాన్సిలైనా నష్టం లేదు. తప్పిపోయిన కుక్కని ఎవరైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, అది మీదేనని తేల్చేది కూడా ఆ చిప్ నంబరే.