ఖాళీ షెడ్డు ఎవరిది?

మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్లను కళాకారులకు ఉమ్మడి స్టూడియోలుగా ఇస్తే పటాన్‌చెరు రూపమే మారిపోతుందని ఈ మధ్య ఒక సభలో విన్నాను. చిత్రకారిణులు, శిల్పులు, నాటకం వాళ్ళు అద్దె పంచుకుని ఒకే కప్పు కింద పని చేసుకుంటారట. వినడానికి బాగానే ఉంది. పిల్లలు నిద్రపోయాక వంటింటి మూలన కూర్చుని బొమ్మలు వేసుకునే స్త్రీకి తాళం వేసుకోగల గది ఎంత అవసరమో నాకెవరూ చెప్పనక్కరలేదు. నా అభ్యంతరమంతా ఒక్క మాట మీదే. ఆ షెడ్లు "ఖాళీగా పడి ఉన్నాయి" అన్నాడు వక్త. (మగవాడేనని వేరే చెప్పాలా?)

ఖాళీ ఎలా అయ్యాయి? వెనకబడిన ప్రాంతమని రాయితీలిచ్చి 1970లలో ఇక్కడికి పరిశ్రమలను పిలిచారు. నక్కవాగు విషమైంది, బోర్లు చెడ్డాయి, పశువులు చచ్చాయి. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పొలం పాడైన స్త్రీలు ఆ ఫ్యాక్టరీ గేట్ల దగ్గరే కాంట్రాక్టరు పిలుపు కోసం నిలబడ్డారు. ఊడవడం, కడగడం, మూటలు మోయడం, ప్యాకింగు. ఫ్యాక్టరీ మూతపడితే పర్మినెంటు మగ కార్మికుడికి కనీసం బకాయి అడిగే కాగితం ఉంటుంది. ఆమెకు అదీ ఉండదు. కాగితం మీద లేని మనిషి వెళ్ళిపోతే ఆ చోటు ఖాళీగానే కనిపిస్తుంది మరి!

ఈ వాడలేమీ గతించిన చరిత్ర కావు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పేలుడు 54 మందిని బలి తీసుకుంది. వారిలో స్త్రీలూ ఉన్నారు. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ చుట్టుపక్కల దాదాపు 9,292 ఎకరాల పారిశ్రామిక భూమిని ఇళ్ళకూ, వ్యాపారాలకూ మార్చుకునే విధానం తెచ్చింది. పటాన్‌చెరు అందులో ఉంది. యజమాని ప్రభుత్వానికి ఫీజు కడతాడు, భూమి విలువ పెరుగుతుంది. మరి అక్కడ పని చేసిన ఆమె వాటా ఎంత? ఈ బేరంలో కళాకారులను ముందు నిలబెట్టడం చాలా సౌకర్యం. కళ అనగానే ఎవరూ లెక్కలు అడగరు.

న్యూయార్క్‌లో సోహో కథ తెలిసిందే కదా. అక్కడి చిన్న కర్మాగారాల్లో నల్లజాతి, పోర్టోరికన్ కార్మికులు, అందులో స్త్రీలు, పెద్ద సంఖ్యలో పని చేస్తున్నారని 1963లోనే చెస్టర్ రాప్కిన్ నివేదిక చెప్పింది. కళాకారులు ఆ అంతస్తుల్లో చేరారు. 1971లో వాళ్ళ నివాసం చట్టబద్ధమైంది. 1972లో ఇరవై మంది స్త్రీలు అక్కడే ఎ.ఐ.ఆర్. అనే సొంత గ్యాలరీ పెట్టుకున్నారు. అది మన గెలుపే, నేను కాదనను. కానీ తర్వాత అద్దెలు పెరిగి కళాకారులే ఉండలేకపోయారు. కళాకారుల వెనకాలే పెట్టుబడి ఎలా వచ్చి చేరిందో షారన్ జూకిన్ 1982లోనే పుస్తకం రాసింది.

కనుక స్టూడియోలు వద్దనడం లేదు. తలుపు తీసేముందు నేల, గోడలు, బోరునీళ్ళు పరీక్ష చేయించాలి. రసాయనాలు ఇంకిన గచ్చు మీద చంటిబిడ్డను పడుకోబెట్టి ఎవరూ బొమ్మ వేయలేరు. పాత కార్మికుల బకాయిలు తీరాలి. లీజు పదేళ్ళకు తక్కువ కాకుండా, సంఘం పేరున, రాతపూర్వకంగా ఉండాలి. శిశుసంరక్షణ కేంద్రం, రాత్రి బస్సు కావాలి. పైగా ఆ షెడ్డులో పని చేసిన స్త్రీకి ఊడ్చే పని మాత్రమే కాదు, కుట్టుకో, కుండకో, పాటకో ఆమెకూ అక్కడ ఒక గది ఉండాలి.

సభలో ఇవన్నీ అడిగాను. మట్టి పరీక్ష ఖర్చు ఎవరు భరిస్తారన్న దగ్గర చర్చ ఆగిపోయి, టీ వచ్చింది.