దిబ్బా మనదే, ఇల్లూ మనదే

ఏలూరు పక్కన పెదవేగి తెలుసు కదా తమ్ముళ్లూ? అదే ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన రాజధాని. అక్కడి పాత దిబ్బలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఉండాల్సిందే. దిబ్బ తవ్వి మట్టి తోలుకుపోతే మన చరిత్రే ట్రాక్టరెక్కి పోద్ది.

మరి పక్కన ఇల్లున్నోళ్ల సంగతేంటి? 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు. పాతింటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా అనుమతే. పెళ్లైన కొడుక్కి ఓ గది వేసినా లెక్కలోకొస్తుంది. అదే 100 మీటర్లలో కేంద్ర ప్రభుత్వ ప్రజావసర పనులకి సడలింపిస్తూ 2018లో లోక్‌సభ ఓ బిల్లు ఆమోదించింది. రాజ్యసభలో ఆగింది. రోడ్డు గురించి ఆలోచించినోళ్లకి ఆ గది గుర్తు రాలేదు!

ఒక దారైతే ఉంది. ఒక్కో రక్షిత స్థలానికీ విడిగా వారసత్వ నిబంధనలు రాయాలని ఆ చట్టంలోనే ఉంది. ముసాయిదా మీద జనం అభ్యంతరాలు తీసుకోవాలి కూడా. నేను అడిగేది ఒక్కటే: ఆ ముసాయిదా తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. మీ ఊళ్లో మీరూ అడగండి.

రాత్రిపూట దిబ్బని కాసేది ఢిల్లీ కాగితం కాదు, పక్కింటోళ్లే. వాళ్లని దొంగల్లా చూస్తే ఆ కాపలా కూడా పోద్ది.